మందుకు లొంగనిది మంటకు లొంగుతుంది: ఆస్పత్రిలో ఉన్నవారికి క్యారేజీ ఎలా కట్టాలి

ఇంట్లో ఎవరైనా ఆస్పత్రిలో చేరితే ఒకరు డబ్బు సర్దుబాటు చూస్తారు, ఇంకొకరు క్యారేజీ సంగతి చూస్తారు. ఆ రెండో మనిషి కోసం రాస్తున్నది ఇది. ఉప్పు ఎంత వేయాలి, పప్పు పెట్టవచ్చా లేదా అన్న పథ్యం మాటలు డాక్టరు గానీ డైటీషియన్ గానీ చెబుతారు. యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా ఆ క్యారేజీలో ఎక్కి మంచం దాకా వెళ్లకుండా ఏం చేయాలో చెప్పే తీరిక మాత్రం వార్డులో ఎవరికీ ఉండదు.

ముందుగా ధైర్యం కలిగించే మాట. మెరోపెనెమ్ లాంటి ఖరీదైన ఇంజెక్షన్‌కు కూడా చావని క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా, మరిగే పప్పులో పడితే మామూలు బ్యాక్టీరియా ఎలా చస్తుందో అలాగే చస్తుంది. మందును తట్టుకునే శక్తి వేరు, వేడిని తట్టుకునే శక్తి వేరు. స్విట్జర్లాండ్‌లోని జెనీవా విశ్వవిద్యాలయ ఆస్పత్రి వంటగదిలో చేసిన పరిశీలన ఒకటి 2014లో అచ్చయింది. అక్కడికి వచ్చిన పచ్చి కోడిమాంసం నమూనాల్లో నూటికి 90కి పైగా ఈఎస్‌బీఎల్ రకం బ్యాక్టీరియా ఉంది. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ జాతి మందులను విరగ్గొట్టే ఎంజైము తయారు చేసుకునే రకం అది. అదే వంటగదిలో వండి రోగులకు పంపడానికి సిద్ధం చేసిన భోజనంలో మాత్రం ఒక్క నమూనాలోనూ అది దొరకలేదు.

అంటే పొయ్యి తన పని తాను చేస్తుంది. చిక్కంతా పొయ్యి దించిన తర్వాత మొదలవుతుంది. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో 1990లలో ఒక విశ్వవిద్యాలయ ఆస్పత్రి రక్తవ్యాధుల విభాగంలో ఎంఆర్ఎస్ఏ అనే, మందులకు లొంగని స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా పాకింది. వెతికితే అది తొక్క తీసిన అరటిపండు మీద దొరికింది. ఆహారం సిద్ధం చేసే ఉద్యోగి ఒంటి మీద అదే బ్యాక్టీరియా ఉంది. 27 మంది రోగులకు అది చేరింది, కొందరి ప్రాణాలు పోయాయి. అరటిపండును ఎవరూ ఉడికించరు కదా. స్పెయిన్‌లో బార్సిలోనా దగ్గరి తెరాస్సా పట్టణంలో 2008లో మరో సంఘటన జరిగింది. ఒక ఆస్పత్రిలో 156 మంది రోగులకు మందులకు లొంగని క్లెబ్సియెల్లా అంటుకుంది. వంటగదిలో పరీక్షించిన 20 చోట్లలో 7 చోట్ల, వంటపనివారు 44 మందిలో ఆరుగురి పేగుల్లో అదే కనిపించింది. చేతులు, బల్లలు, వండిన తర్వాతి ముట్టుకోవడాలు. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఈ దారుల్ని మూయడానికే.

ఇంట్లో అందరం తినే భోజనమే కదా, రోగికి మాత్రం అంత పట్టింపు ఎందుకు అని మీ అత్తగారో మామగారో అడుగుతారు. సమాధానం సిద్ధంగా ఉంచుకోండి. మన పేగుల్లో మంచి బ్యాక్టీరియా కోట్లలో ఉంటుంది. సీట్లన్నీ నిండిన బస్సులో కొత్తగా ఎక్కినవారికి చోటు దొరకనట్టే, బయటి బ్యాక్టీరియాకు అక్కడ సులభంగా నిలువనీడ దొరకదు. నాలుగు రోజులు యాంటీబయాటిక్‌లు ఎక్కిన మనిషి పేగుల్లో ఆ సీట్లు ఖాళీ అవుతాయి. పైగా చాలామందికి ఆస్పత్రిలో కడుపులో ఆమ్లం తగ్గించే మాత్రలు ఇస్తారు. మింగిన క్రిమిని జీర్ణాశయంలోనే చంపే కావలి అలా సన్నగిల్లుతుంది. ఇక చేతికి సెలైన్, కింద యూరిన్ గొట్టం, కొందరికి మెడ దగ్గర లైను. పేగుల్లో చేరిన బ్యాక్టీరియా రక్తంలోకో మూత్రంలోకో వెళ్లడానికి ఇవన్నీ తలుపులు.

దీన్ని కలుషిత ఆహారంతో వచ్చే వాంతులు, విరేచనాలతో కలిపి చూడకండి. ఇది చేరిన రోజు ఏమీ కాదు. కడుపు నొప్పి కూడా రాదు. పేగుల్లో నెమ్మదిగా కాపురం పెట్టి, ఎప్పుడో జ్వరం రూపంలో బయటపడుతుంది, ఒక్కోసారి బయటపడదు కూడా. అందుకే ‘నిన్న కూడా ఇదే పెట్టాం, ఏమీ కాలేదుగా’ అనే లెక్క ఇక్కడ పనికిరాదు.

వండే ముందు వార్డులో అడగాల్సినవి

బయటి భోజనం అనుమతిస్తారా అని మొదట సిస్టర్‌ను అడగండి. కొన్ని ప్రైవేటు ఆస్పత్రులు ఒప్పుకోవు. ఒప్పుకోనిచోట దొంగచాటుగా తీసుకెళ్లకండి. చాటుగా తీసుకెళ్లిన బాక్సు దిండు కిందో సంచిలోనో గంటల తరబడి దాక్కుంటుంది, అసలు ప్రమాదం అదే.

తెల్ల రక్తకణాలు తగ్గాయా అని డాక్టరును అడగండి. కీమోథెరపీ తీసుకుంటున్నవారు, అవయవ మార్పిడి జరిగినవారు, ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు వాడుతున్నవారు అయితే పచ్చివి ఏవి తినవచ్చో ఆ విభాగం నియమమే పాటించండి. పెరుగు విషయం కూడా వీరి కోసం విడిగా అడగాలి.

కల్చర్ రిపోర్టులో (రక్తం, మూత్రం లాంటి నమూనాలో ఏ బ్యాక్టీరియా ఉందో చూసే పరీక్ష అది) మందులకు లొంగని బ్యాక్టీరియా ఏదైనా కనిపించిందా అనేది మూడో ప్రశ్న. కనిపించి ఉంటే మీ పని రెండు వైపులా ఉంటుంది. లోపలికి ఏదీ తీసుకెళ్లకూడదు, లోపలి నుంచి ఇంటికి ఏదీ తెచ్చుకోకూడదు.

భోజనం వేడి చేసుకునే వీలు ఎక్కడ ఉందో కూడా కనుక్కోండి. చాలాచోట్ల అంతస్తుకు ఒక ప్యాంట్రీ ఉంటుంది, అడిగితే గానీ చెప్పరు.

ఎవరు వండాలి

విరేచనాలు అవుతున్నవారు, అవి ఆగి రెండు రోజులు కానివారు, చేతి మీద సెగ్గడ్డ లేదా చీము పట్టిన గాయం ఉన్నవారు రోగి వంట జోలికి వెళ్లకూడదు. ఎంత ప్రేమగా వండేవారైనా సరే. చీము పట్టిన చోట స్టెఫైలోకాకస్ ఉండే అవకాశం ఎక్కువ. అది ఆహారంలో పెరిగి వదిలే విషం మళ్లీ మరిగించినా పోదు.

ఆరోగ్యంగా ఉన్నవారి సంగతి ఇంకా ముఖ్యం. డచ్ పరిశోధకులు విదేశాలకు వెళ్లే ప్రయాణికులు సుమారు 2,000 మందిని ప్రయాణానికి ముందు, తర్వాత పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. దక్షిణాసియాకు వచ్చి వెళ్లినవారిలో నూటికి 75 మంది ఈఎస్‌బీఎల్ బ్యాక్టీరియాను పేగుల్లో మోసుకుని ఇంటికి చేరారు. కొద్ది వారాలు తిరిగి వెళ్లినవారి సంగతే అది అయితే, ఇక్కడే పుట్టి పెరిగిన మన పేగుల గురించి వేరే చెప్పాలా? ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, మనకు దానివల్ల జబ్బూ లేదు. మరుగుదొడ్డి నుంచి వచ్చాక చేతులు సబ్బుతో కడుక్కోవడం మాత్రం మర్యాద కోసం చేసే పని కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఉంగరాలు, గాజులు తీసేయండి లేదా పైకి జరపండి. గోళ్లు కత్తిరించుకోండి. సబ్బు రాసి వేళ్ల సందులు, బొటనవేలు, గోళ్ల చివరలు రుద్దుతూ 20 సెకన్లకు తక్కువ కాకుండా కడగండి. తుడుచుకోవడానికి చీర కొంగు వద్దు, పైట వద్దు. ఉతికిన తువ్వాలు ఒకటి ఇందుకే కేటాయించండి. వంట మధ్యలో ఫోను ముట్టుకుంటే మళ్లీ కడగాలి. ఇది విసుగే. స్పీకర్ పెట్టి మాట్లాడుకోండి, లేదా తర్వాత మాట్లాడండి.

పొయ్యి దగ్గర

కోడిమాంసం తెస్తే కుళాయి కింద పెట్టి ధారగా కడగకండి. ఆ నీటి తుంపరలు పక్కనున్న గిన్నెల మీద, కొత్తిమీర కట్ట మీద పడతాయి. కడగకుండా వండటానికి మనసు ఒప్పకపోతే గిన్నెలో నీళ్లు పోసి నెమ్మదిగా కడిగి, ఆ నీళ్లు సింకులోకి చిమ్మకుండా ఒంపి, సింకును సబ్బుతో కడిగేయండి. మాంసం కోసిన కత్తి, పీట వేరుగా ఉండాలి. ఒకటే ఉంటే కూరగాయలు ముందు, మాంసం చివర.

ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే స్వచ్ఛంద సంస్థ 2014లో 70 కోడిమాంసం నమూనాలు పరీక్షిస్తే 40 శాతంలో యాంటీబయాటిక్ అవశేషాలు ఉన్నాయి. కోళ్ల పెంపకంలో మందులు ఎంత విచ్చలవిడిగా వాడుతున్నారో అది చూపింది. రోగులకు చివరి అస్త్రంగా దాచుకునే కొలిస్టిన్‌ను పశువులకు, కోళ్లకు వాడకుండా కేంద్రం 2019లో నిషేధించింది. మీరు చేయగలిగింది పూర్తిగా ఉడికించడం. ముక్క మధ్యలో 70 డిగ్రీలు దాటాలి. థర్మామీటరు మన ఇళ్లలో ఉండదు కాబట్టి ఎముక దగ్గర గులాబీ రంగు లేకుండా, పిండితే వచ్చే రసం తేటగా ఉండేలా చూడండి. గుడ్డు పచ్చసొన గట్టిపడాలి. సగం ఉడికిన గుడ్డు బలమని పెద్దలు చెప్పినా ఆస్పత్రిలో ఉన్నంతకాలం వద్దు.

నా దృష్టిలో మాంసం కంటే మోసం చేసేవి మూడున్నాయి. మాంసమంటే ఎటూ భయపడతాం, వీటి మీద అనుమానమే రాదు.

కొబ్బరి చట్నీ మొదటిది. ఇడ్లీ ఆవిరి మీద ఉడుకుతుంది, అంతకంటే భద్రమైన పలహారం లేదు. పక్కన పెట్టే చట్నీ పచ్చిది. పచ్చి కొబ్బరి, మిక్సీ జారు, పచ్చి నీళ్లు. మీద వేసే తాలింపు చట్నీని ఉడికించదు, పైపైన చిటపటలాడి ఊరుకుంటుంది. రోగికి ఇడ్లీతో సాంబారో, వేడి పప్పుకట్టో, కారప్పొడి పడేవారికి నెయ్యి వేసిన కారప్పొడో పంపండి.

రెండోది దించాక చల్లే కొత్తిమీర. నేలకు దగ్గరగా పెరిగే ఆకు, ఏ నీటితో పెరిగిందో తెలియని ఆకు. చారు ఘుమఘుమ కోసం దించాక చల్లుతాం. రోగి చారులో కొత్తిమీరను పొయ్యి మీద ఉండగానే వేసి రెండు నిమిషాలు మరగనివ్వండి. వాసన కాస్త తగ్గుతుంది, తగ్గనివ్వండి. అమెరికా ఆస్పత్రుల్లో పచ్చి కూరగాయల మీద సూడోమోనాస్ బ్యాక్టీరియా లోపలికి వస్తున్నదని 1972 నాటికే కనిపెట్టారు. టమాటా, ముల్లంగి, దోసకాయ లాంటివి వాటిలో ఉన్నాయి.

మూడోది మసిగుడ్డ. వేడి గిన్నె దించేది అదే, గట్టు తుడిచేది అదే, చివరికి క్యారేజీ గిన్నె లోపల తడి తుడిచేది కూడా అదే. ఉడికించి చంపిన బ్యాక్టీరియాను మళ్లీ మనమే పూసినట్టు. గిన్నెలను తుడవకుండా బోర్లించి ఆరనివ్వండి. లేదా ఎసరు నీళ్లు పోసి తిప్పి ఒంపేయండి, ఆ వేడికి తడి దానంతట అదే ఆరిపోతుంది.

నీళ్ల గురించి. మెరోపెనెమ్ లాంటి కార్బపెనెమ్ జాతి మందులను పనికిరాకుండా చేసే ఎన్‌డీఎం-1 జన్యువు ఢిల్లీ కుళాయి నీళ్ల 50 నమూనాల్లో రెండింటిలో దొరికినట్టు 2011లో వెల్లడైంది. మనకు దగ్గర్లో చూస్తే, హైదరాబాద్ శివారు పటాన్‌చెరులో మందుల పరిశ్రమల వ్యర్థజలాన్ని శుద్ధి చేసి వదిలే చోట లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో రాశారు. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. నీటిలోనే మందు ఉంటే దానికి అలవాటు పడిన బ్యాక్టీరియా పెరగడంలో వింతేముంది? రోగికి తాగే నీళ్లు తెర్లిన తర్వాత ఒక నిమిషం మరిగించి, మూత పెట్టి చల్లార్చి, అదే గిన్నె నుంచి శుభ్రమైన సీసాలోకి పోయండి. ఫిల్టరు ఉన్నా క్యాండిల్ మార్చి ఎన్నాళ్లయిందో గుర్తులేకపోతే మరిగించడమే మేలు.

క్యారేజీ సర్దడం

వండిన ఆహారంలో బ్యాక్టీరియా 5 నుంచి 60 డిగ్రీల మధ్య హాయిగా పెరుగుతుంది. ఆ మధ్యలో భోజనం రెండు గంటలకు మించి ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే నియమం. మన వేసవికి రెండు గంటలు కూడా ఉదారమే.

అందుకని వంటను బయలుదేరే వేళకు జరపండి. ఉదయం ఐదింటికి వండి, పనులన్నీ చక్కబెట్టుకుని పదకొండింటికి వార్డు చేరడం మనకు మామూలే. మిగతా పనులు ముందు ముగించి వంటను చివరికి ఉంచండి. హాట్‌బాక్సులో, ఫ్లాస్కులో మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలు ఉంచి, ఒంపేసి, వెంటనే పొగలు కక్కే అన్నం, జావ పెట్టి మూయండి. చెమ్మ పడుతుందని అన్నం చల్లార్చి మూత పెట్టే అలవాటు రోగి క్యారేజీకి వద్దు. గోరువెచ్చగా మూసిన అన్నం దారి పొడవునా గోరువెచ్చగానే ఉంటుంది.

పెరుగన్నం ఇంట్లో కలిపి తీసుకెళ్లకండి. వేడి అన్నంలో చల్లని పెరుగు కలిపితే సరిగ్గా ప్రమాదకరమైన వెచ్చదనానికి వస్తుంది. అన్నం వేడిగా వేరే, తాజాగా తోడుకున్న పెరుగు వేరే గిన్నెలో తీసుకెళ్లి మంచం దగ్గర కలపండి. పెరుగు పులుపే దానికి కొంత రక్ష.

ఊరు దూరమైనవారికి ఇవన్నీ కుదరవు. రెండు గంటలకు మించిన ప్రయాణమైతే ఇంటి భోజనం మీద పట్టుదల వదిలేసి, ఆస్పత్రి ఇచ్చే భోజనమే పెట్టించండి. ఇంటి నుంచి వేయించిన పేలపిండి, బిస్కెట్లు, కారప్పొడి, తొక్క తీసుకుని తినే పండ్లు లాంటి పొడి సరుకులు తీసుకెళ్లండి. ఆరోగ్యశ్రీ కింద చేరినవారికి భోజనం ప్యాకేజీలోనే ఉంటుంది, అడిగి తీసుకోండి.

పాచిపోయినదాన్ని మళ్లీ వేడిచేస్తే సరిపోతుందనే నమ్మకం ఒకటుంది. బ్యాక్టీరియా చావవచ్చు. గంటల తరబడి బయట ఉన్న అన్నంలో బాసిల్లస్ అనే బ్యాక్టీరియా వదిలిన విషం చావదు. వేడి చేయడం సరిగ్గా నిల్వ ఉంచిన భోజనానికే.

మంచం పక్కన

క్యారేజీ తెరిచే ముందు బల్ల వంక చూడండి. మంచం పక్కన లాకరు మీదే మందులు, అక్కడే మూత్రం కొలిచే జగ్గు, అక్కడే అరటిపండ్లు. జగ్గును, యూరిన్ బాటిల్‌ను కిందికి దించి, లాకరు పైభాగం తుడిచి, శుభ్రమైన కాగితమో ప్లేటో వేసి అప్పుడు గిన్నెలు పెట్టండి. మంచం మీద పరచకండి. ఆ దుప్పటి మీద ఎవరెవరు కూర్చున్నారో మీకు తెలియదు.

మంచం కాళ్ల దగ్గర వేలాడే శానిటైజర్ సీసా డాక్టర్లకే కాదు, మీకూ. లిఫ్టు బటన్, తలుపు పిడి, మంచం కడ్డీ ముట్టుకుని వచ్చిన చేతులకు రాసుకుని, పూర్తిగా ఆరాక తినిపించండి. చేతులకు మట్టి, జిడ్డు ఉంటే, మరుగుదొడ్డికి వెళ్లి వస్తే సబ్బు నీళ్లే కావాలి. రోగి చేతులు కూడా కడిగించండి. ఇది దాదాపు ఎవరూ చేయరు. లేవలేనివారికి గిన్నెలో నీళ్లు, సబ్బు పెట్టి మంచం మీదే కడిగించవచ్చు. చేత్తో కలిపి ముద్దలు పెట్టడం మన ప్రేమకు గుర్తు. ఆ ప్రేమను ఈ కొద్దిరోజులు చెంచాతో చూపించండి.

మిగిలింది మిగిలినట్టే పారేయండి. వృథా అవుతుందని సహాయకులు రోగి ఎంగిలి తినేయడం ప్రతి వార్డులో కనిపిస్తుంది. సాయంత్రానికి ఉంటుందని మూతపెట్టి లాకరులో తోయడం ఇంకా ఎక్కువ. అందుకని తక్కువ తీసుకెళ్లండి. మీ కడుపు మీరు బయట నింపుకోండి. హైదరాబాద్‌లో ప్రభుత్వ ఆస్పత్రుల దగ్గర సహాయకుల కోసం 5 రూపాయల భోజనం 2022లో మొదలైంది.

పలకరించడానికి వచ్చినవారు తెచ్చిన పండ్లు పక్క మంచాలకు పంచడం మంచి మనసే. తొక్క తీయనివి, కోయనివి పంచండి. మీ గిన్నె, మీ చెంచా, మీ సీసా మాత్రం పక్క మంచానికి వెళ్లకూడదు, వారివి మీ దగ్గరికి రాకూడదు.

వార్డు సింకులో గిన్నెలు కడగవద్దు

ఈ ఒక్కటి మీ వార్డులో పదిమందికి చెప్పండి. చేతులు కడుక్కునే సింకులో క్యారేజీ గిన్నెలు కడగడం, మిగిలిన పాలు, జావ, గ్లూకోజు నీళ్లు అందులో ఒంపడం మనకు తప్పుగా తోచదు. ఆస్పత్రి సింకు కింద వంపు గొట్టంలో ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉంటాయి. అక్కడ సూడోమోనాస్, క్లెబ్సియెల్లా లాంటివి జిగురుపొరగా అతుక్కుని బతుకుతాయి. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో పచ్చగా వెలిగే ఈ.కోలైని అలాంటి గొట్టంలో పెట్టి చూశారు. దానికి పోషకాలు అందిస్తే రోజుకు సుమారు రెండున్నర సెంటీమీటర్ల చొప్పున పైకి పాకి జల్లెడ దాకా వచ్చింది. అక్కడికి వచ్చాక కుళాయి తిప్పితే తుంపరలతో సింకు చుట్టూ చిందింది. మీరు ఒంపే జావ ఆ పోషకమే. మీ గిన్నె మీద పడేవి ఆ తుంపరలే.

ఎంగిలిని ఆహార వ్యర్థాల డబ్బాలో వేయండి. గిన్నెలను మూత పెట్టి సంచిలో ఇంటికి తెచ్చి, సబ్బుతో తోమి, మరిగే నీళ్లతో తొలిచి, ఎండలో బోర్లించండి. రోగితో ఉండిపోయేవారు ప్యాంట్రీలో గిన్నెల కోసమే ఉన్న సింకు వాడాలి. పీచు మీ సొంతం ఉండాలి. తడిసిన పీచును సబ్బు పెట్టెలో మూసిపెట్టవద్దు, పిండి ఆరేయండి.

ముక్కు గొట్టం ద్వారా ఆహారం పోస్తుంటే

అన్నిటికంటే జాగ్రత్త కావాల్సింది రైల్స్ ట్యూబు ఉన్నవారికి. పక్షవాతం వచ్చినవారికి, తలకు దెబ్బ తగిలినవారికి ముక్కు గుండా కడుపులోకి వేసే సన్నని గొట్టం ఇది. ఇంట్లో అన్నం, పప్పు, కూరగాయలు ఉడికించి మిక్సీ పట్టి, వడకట్టి పోయడం మన దగ్గర బాగా వాడుకలో ఉంది. ఆస్పత్రి సిద్ధం చేసిన ఫీడ్ అందుబాటులో ఉంటే నేను దానికే ఓటు వేస్తాను. ఇంటిది తప్పనిసరి అయితే ఈ వరుస పాటించండి.

ఉడికించి చంపినా, మిక్సీ జారులో బ్యాక్టీరియా మళ్లీ చేరుతుంది. బ్లేడు కింద, రబ్బరు వాషర్ లోపల పాత పచ్చడి మిగులు ఎప్పుడూ ఉంటుంది. ఇందుకోసం ఒక జారు విడిగా పెట్టండి. వాడిన ప్రతిసారీ వాషర్ ఊడదీసి బ్రష్‌తో తోమండి, వేడినీళ్లతో తొలిచి, విప్పి ఆరబెట్టండి. వడపోతకు గుడ్డ కాకుండా స్టీలు జాలీ వాడండి, దాన్ని మరిగించవచ్చు. మిక్సీ పట్టాక ఆ ద్రవాన్ని మళ్లీ పొయ్యి మీద పెట్టి ఒక పొంగు రానివ్వండి. ఈ చివరి పొంగు చాలామంది వదిలేస్తారు, అసలు కాపాడేది అదే. తర్వాత మూత పెట్టి చల్లార్చి, గోరువెచ్చగా పోయాలి.

ఒక్క పూటకు సరిపడా చేయండి. గది వేడిలో ఉన్నదాన్ని రెండు గంటల్లో వాడండి, మిగిలితే పారేయండి. పాత ఫీడ్‌లో కొత్తది కలపడం ఎప్పుడూ వద్దు. పొడితో కలిపే ఫీడ్ అయినా మరిగించి చల్లార్చిన నీళ్లతోనే కలపాలి. ఆ పొడిలో క్రిములు అసలే ఉండవని అనుకోవద్దు. బ్యాగు కట్టి చుక్కలుగా వదిలే పద్ధతిలో, మనం కలిపిన ఫీడ్‌ను నాలుగు గంటలకు మించి వేలాడదీయనివ్వకండి.

పోసేవారు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. గొట్టం మూతను పరుపు మీద వదలకూడదు. పోసే ముందు, తర్వాత మరిగించి చల్లార్చిన నీళ్లతో గొట్టాన్ని తొలవాలి, ఎన్ని మిల్లీలీటర్లో సిస్టర్ చెబుతారు. సిరంజిని విప్పి కడిగి ఆరబెట్టండి, ఎన్నాళ్లకు మార్చాలో వార్డు నియమం అడగండి. పోసేటప్పుడు, తర్వాత అరగంట నుంచి గంట దాకా తల వైపు మంచం 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉండాలి. గొట్టం జరిగినట్టు, ముక్కు దగ్గర గుర్తు మారినట్టు అనుమానం వస్తే ఒక్క చుక్క కూడా పోయకుండా సిస్టర్‌ను పిలవండి. దగ్గు వచ్చినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆపేయండి.

గేటు బయట కొనేవి

కోసి పెట్టిన బొప్పాయి ముక్కలు, ఐసు వేసిన బత్తాయి రసం వద్దు. రసం కావాలంటే కాయలు కొని, కడిగి, మీ గిన్నెలో పిండండి, వెంటనే తాగించండి. పండును తొక్క మీద కూడా కడగాలి, ఎందుకంటే కత్తి తొక్క మీది మురికిని లోపలికి తీసుకెళ్తుంది. కొబ్బరి బోండాంలో నీరు లోపల ఉన్నంతసేపు శుభ్రమైనదే. కొట్టించి, పాత నీళ్ల సీసాలో పోయించి, సాయంత్రం దాకా గుక్కగుక్కగా తాగిస్తే ఆ శుభ్రత మిగలదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పొటాషియం వల్ల బోండాం అసలే పనికిరాకపోవచ్చు, డాక్టరును అడిగాకే.

ఆస్పత్రి వారే భోజనం పెడితే

ట్రే ఎన్నింటికి వచ్చిందో చూడండి. స్కానింగ్‌కు తీసుకెళ్లారని రెండు గంటలు అలాగే ఉన్న ట్రేను తెరవకండి, మరోటి అడగండి. వేడిగా ఉండాల్సింది చల్లగా వస్తే వెనక్కి పంపడం మీ హక్కు, గొడవ పడాల్సిన పని లేదు. క్యాంటీన్‌లో ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి 14 అంకెల లైసెన్సు నంబరు కనిపించేలా పెట్టాలి. అది ఉన్నంత మాత్రాన అన్నం వేడిగా వస్తుందని కాదు, ఫిర్యాదు చేయాల్సి వస్తే ఆ నంబరు పనికొస్తుంది. వడ్డించేవారు అదే చేతి తొడుగుతో ట్రేలు పంచుతూ, చెత్త తీస్తూ కనిపిస్తే వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్‌కు చెప్పండి. ఇన్‌ఫెక్షన్ల నియంత్రణ చూసే నర్సు చాలా పెద్ద ఆస్పత్రుల్లో ఉంటారు, ఆ మాట వారికి చేరాలి.

ఇంటికి వచ్చాక

చెప్పులు బయట, స్నానం ముందు, ఆ తర్వాతే పిల్లల్ని ఎత్తుకోవడం. మీకు విరేచనాలు పట్టుకుంటే రోగి మందుల సంచిలో మిగిలిన యాంటీబయాటిక్ వేసుకోకండి. నిలువు ఎర్రగీత ఉన్న స్ట్రిప్ డాక్టరు చీటీ లేకుండా వాడేది కాదు. అనవసరంగా వేసుకుంటే మీ పేగుల్లోని సీట్లు కూడా ఖాళీ అవుతాయి, రేపు క్యారేజీ కట్టేది ఆ చేతులే. ఓఆర్ఎస్ తాగి, వంట ఇంకొకరికి అప్పగించి, విరేచనాలు ఆగాక రెండు రోజుల దాకా క్యారేజీకి దూరంగా ఉండండి. జ్వరమో, రక్తమో కనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లి, ఇంట్లో ఎవరు ఏ ఆస్పత్రిలో ఉన్నారో, వారి కల్చర్ రిపోర్టులో ఏముందో మొదటే చెప్పండి. మందు ఎంచుకోవడానికి వారికి ఆ వివరం కావాలి.